బండి స్టార్టయింది సరే, ఆగుతుందా?



ఇంటి పనులను గురించి, ఇంట్లో వాడుకునే వస్తువులను గురించి ఈ పేజీలో నెలనెలా మాట్లాడుకుంటున్నాం. ఈ నెల మోటారు సైకిలును గురించి చెప్పుకుందాం. రోజూ నడిచే బండిని గురించి కాదు. నెలల తరబడి మూలన నిలబడి, చలికాలం వెళ్లాక మళ్లీ రోడ్డెక్కబోయే బండిని గురించి.

చలి దేశాలలో మంచు కురిసే నాలుగైదు నెలలు బండ్లను షెడ్డులో పెట్టి, వసంతకాలం రాగానే బయటికి తీస్తారు. మనకు ఆ మంచు లేదు. కాని మన ఇళ్లలోనూ బండ్లు నిలిచిపోతుంటాయి. నడిపే కుర్రవాడు పని కోసం హైదరాబాదుకో గల్ఫుకో వెళ్లిపోతాడు. ఇంటి పెద్దకు ఆపరేషనవుతుంది. వానలకు పొలం దారి పాడై బండి చావిడిలోనే ఉండిపోతుంది. అప్పుడు మంచు చేసే పనిని మన దగ్గర తేమ చేస్తుంది, ఉప్పుగాలి చేస్తుంది, ఎలుకలు చేస్తాయి, పక్కన పెట్టిన యూరియా బస్తాలు చేస్తాయి.

మొదట నా అనుభవం చెబుతాను. ఇందులో నాకు గొప్పేమీ లేదు. అయినా చెప్పడం మంచిదనుకుంటున్నాను.

మాది కోనసీమలో ఒక పల్లెటూరు. ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. 2014లో కొన్న 100 సీసీ బండి ఒకటుంది. 2023 సెప్టెంబరులో పొలం గట్టు మీద జారిపడి కాలి ఎముక విరగడంతో బండిని చావిడిలో నిలబెట్టాను. పైన ఒక టార్పాలిన్ కప్పాను. కాలు బాగయ్యి, కర్ర లేకుండా నడవడం మొదలుపెట్టేసరికి సంక్రాంతి వెళ్లిపోయింది.

జనవరి నెలాఖరున ఒక శనివారం సాయంత్రం టార్పాలిన్ తీశాను. దుమ్ము తుడిచాను. చోక్ వేసి కిక్ కొట్టాను. ఇరవైసార్లు కొట్టినా పలకలేదు. ప్లగ్గు విప్పి తుడిచి పెట్టి మళ్లీ కొట్టాను. గుప్పున పొగ వదిలి స్టార్టయింది. ఐదు నెలల తరువాత ఆ చప్పుడు వినేసరికి నాకు కాలు తిరిగి వచ్చినంత సంతోషం కలిగింది. టైర్లలో గాలి కొట్టించాను. అంతే, బండి సిద్ధమయిందనుకున్నాను.

మర్నాడు ఆదివారం. నా భార్యను వెనుక కూర్చోబెట్టుకొని ఆరాధనకు బయలుదేరాను. గుడి మా ఇంటికి మూడు కిలోమీటర్లు. దారిలో కాలువ మీద వంతెన ఉంది. దాని దిగుడు కాస్త ఏటవాలు. వంతెన దిగేచోట సండే స్కూలు పిల్లలు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. ముందు బ్రేకు పట్టాను. టప్పుమని తెగిన చప్పుడైంది, లివరు వచ్చి హ్యాండిలుకు ఆనుకుంది. వెనుక బ్రేకు తొక్కాను. పెడలు కిందికి పోయింది గాని బండి పెద్దగా నెమ్మదించలేదు. హారను కొడితే పీల గొంతుతో ఏదో మూలిగింది. పిల్లలు చెదిరిపోయారు. ఏడెనిమిదేళ్ల పాప ఒకతె మాత్రం ఎటు పోవాలో తోచక నడిరోడ్డున నిలబడిపోయింది. బండిని పక్కకు తిప్పాను. ఆ పాపకు రెండు మూరల దూరంలోనుంచి వెళ్లి రోడ్డు పక్కనున్న గడ్డివాములో దూరాను.

నాకేమీ కాలేదు. నా భార్య మోకాలు చీరుకుపోయింది. ఆ పాప ఏడవనైనా ఏడవలేదు, నావైపు చూస్తూ అలాగే నిలబడింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి కాగితాలు తీసి చూస్తే మరో సంగతి తెలిసింది. నేను మంచంలో ఉండగానే, నవంబరులో, బండి ఇన్సూరెన్సు గడువు తీరిపోయింది. ఆ పాపకు ఏమైనా జరిగి ఉంటే ఆ తల్లిదండ్రులకు నేను ఏ ముఖం చూపించగలను?

మా సెంటరులో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న అబ్బాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. సోమవారం ఉదయం ఇంటికే వచ్చి బండి చూశాడు. ముందు బ్రేకు వైరు లివరు దగ్గర తుప్పుపట్టి పోగుపోగులుగా తెగి ఉంది. వెనుక చక్రం విప్పితే డ్రమ్ము లోపల ఎర్రటి తుప్పు, లైనర్ల మీద అద్దంలాంటి నునుపు. లైనర్లను విప్పదీసే ఇరుసు బిగుసుకుపోయి ఉంది.

"మాస్టారండీ, నిలబెట్టిన బండి తెచ్చినవాళ్లందరూ 'స్టార్టవడం లేదురా' అంటారండి. స్టార్టయిందంటే ఇంక నా దగ్గరికి రారు. 'ఆగడం లేదురా' అని తెచ్చేవాళ్లు తక్కువండి. వాళ్లు నా దగ్గరికి కాదు, తిన్నగా ఆస్పత్రికి పోతారు" అన్నాడు.

ఆ వైరు ఖరీదు రెండు వందల రూపాయలు కూడా లేదు. ఆ రోజు అతని పక్కన కూర్చొని నేర్చుకున్నదీ, ఆ తరువాత చదివి, చేసి తెలుసుకున్నదీ వరుసగా రాస్తున్నాను. ఈ వరుసలోనే ఉంది కిటుకంతా. ఆపేవి ముందు, నడిపేవి తరువాత.

మొదట చూపు

బండిని వెలుతురులోకి నెట్టుకొచ్చి, తాళం వేయకుండా, కిక్ ముట్టుకోకుండా చుట్టూ చూడండి. బండి నిలబడిన చోట నేల మీద నూనె మరకలున్నాయా? పెట్రోలు వాసన వస్తోందా? సీటు విప్పండి. మన పల్లెల్లో సీటు కింద, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుకలు, ఉడుతలు గూడు పెట్టడం మామూలే. కొబ్బరి పీచు, గుడ్డ పీలికలు, వడ్ల పొట్టు కనబడతాయి. గూడు తీసివేయడంతో పని అయిపోదు. ఎలుక చేరినచోట వైర్లు కొరికి ఉంటుంది. పైతొడుగు పోయిన రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది, పైన పెట్రోలు ట్యాంకు ఉంటుంది. కాబట్టి కొరికిన వైర్లు బాగు చేయించనిదే బ్యాటరీ కలపవద్దు.

సైలెన్సరు గొట్టంలోకి, కిందికి వేలాడే సన్న రబ్బరు గొట్టాలలోకి కూడా చూడండి. మట్టిగూళ్లు పెట్టే కందిరీగలకు అలాంటి రంధ్రాలంటే ఇష్టం. ట్యాంకు మూతలో గాలి ఆడే చిన్న సందు మూసుకుపోతే బండి బాగానే స్టార్టయి, కాసేపు నడిచి, పెట్రోలు అందక ఆగిపోతుంది. మూత తీయగానే మళ్లీ నడుస్తుంది. ఈ గుర్తు తెలియక చాలామంది ఇంజను విప్పించుకుంటారు.

ఆపేవి ముందు

ముందు బ్రేకు లివరు, వెనుక పెడలు నొక్కి వదలండి. వదలగానే వెంటనే వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే లోపల తుప్పు పట్టిందని అర్థం. వైరును రెండు చివరలా, ముఖ్యంగా లివరులో దూరే గుండు దగ్గర, వేలితో తడిమి చూడండి. ఒక్క పోగు తెగి వేలికి గుచ్చుకున్నా ఆ వైరు మార్చవలసిందే. మిగతా పోగులున్నాయి కదా అనుకోవద్దు. తెగితే గట్టిగా పట్టినప్పుడే తెగుతుంది. మనం గట్టిగా పట్టేది ప్రమాదం ఎదురైనప్పుడే.

బండిని సెంటర్ స్టాండు వేసి వెనుక చక్రం చేత్తో తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే లైనర్లు డ్రమ్ముకు అంటుకున్నట్టు లెక్క. ముందు చక్రం కూడా నేల నుంచి లేపి తిప్పి చూడండి. మూడు నెలలకు మించి నిలబడిన డ్రమ్ము బ్రేకు బండికి రెండు చక్రాలూ విప్పించి చూపించడమే మంచిదని నా సలహా. డ్రమ్ములోని తుప్పును, లైనర్ల మీది నునుపును గరుకు కాగితంతో తేలికగా రుద్ది తీయాలి. లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు, ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవాలి. ఇరుసు శుభ్రం చేసి చాలా కొద్దిగా గ్రీజు పూయాలి. లైనరుకు నూనె గాని గ్రీజు గాని చుక్క కూడా తగలరాదు.

డిస్క్ బ్రేకున్న బండికి నూనె డబ్బాలో బ్రేకు ఆయిలు ఎంత ఉందో చూడండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే రెండేళ్లకొకసారి మార్చమంటారు. తేనెరంగు పోయి నల్లబడితే మార్పించండి. డిస్కు మీద పట్టిన పలచని తుప్పు మొదటి నాలుగైదు బ్రేకులకు పోతుంది గాని, దాన్ని పోగొట్టాలని ఎవరూ దానికి నూనె రాయకండి.

తరువాత టైర్లు. నిలబడిన బండికి ఒకే చోట బరువు పడి టైరు అణిగిపోతుంది, పక్కలకు సన్న పగుళ్లు వస్తాయి. గాలి కొట్టించాక వంచి చూస్తే పగుళ్లు తెలుస్తాయి. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాలి ఎంత ఉండాలో చైను కవరు మీదనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. ఒక్కరు వెళ్లేటప్పటి లెక్క వేరు, వెనుక మనిషి కూర్చున్నప్పటి లెక్క వేరు. చేత్తో నొక్కి "సరిపోయిందిలే" అనవద్దు, మీటరు పెట్టి చూడమనండి.

చైను తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక చైనుకు వేసే నూనె వేయండి. చైను కవరుకున్న రబ్బరు మూత తీసి, వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు అంగుళం ఆడాలి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడాలి. చైను ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా ఉంటే దానికి కాలం తీరినట్టే.

ఇంజను ఆయిలు, ప్లగ్గు

ఆపేవి అయ్యాయి గనుక ఇప్పుడు ఇంజను దగ్గరకు రావచ్చు. ఆయిలు చూసే పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. రంగు కూడా ముఖ్యం. నల్లగా ఉంటే పాతబడిందని. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని. వరదనీటిలో మునిగిన బండ్లకు ఇలా అవుతుంది. అలాంటి బండిని ఎట్టి పరిస్థితిలోనూ స్టార్టు చేయకూడదు. అది మెకానిక్ పని. ఆయిలు మామూలుగానే ఉన్నా ఏడాది దాటి ఉంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా మార్చాలి. తీసిన నల్ల ఆయిలును కాలువలోగాని, నూతి దగ్గరగాని పారబోయకండి. డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి.

నెలల తరబడి తిరగని ఇంజనులో ఆయిలు అంతా అడుగుకు దిగి, పిస్టను గోడలు ఎండిపోయి ఉంటాయి. ఆ స్థితిలో ఇరవైసార్లు కిక్ కొట్టడం ఎండిన రోలులో పొత్రం తిప్పడం వంటిది. నేను చేసింది అదే. చేయవలసిందేమిటంటే, తాళం తీసివేసి, ప్లగ్గు చుట్టూ దుమ్ము తుడిచి, ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో నాలుగైదు చుక్కల ఇంజను ఆయిలు వేయాలి. రంధ్రం మీద గుడ్డ కప్పి, కిక్ పెడలును చేత్తో మెల్లగా పదిసార్లు తొక్కించాలి. ఆ తరువాత శుభ్రం చేసిన ప్లగ్గు గాని కొత్త ప్లగ్గు గాని మొదట చేత్తోనే తిప్పి ఎక్కించి, చివర మాత్రమే పానాతో బిగించాలి. మొదటినుంచీ పానా పెడితే మరలు పోతాయి.

పెట్రోలు

పెట్రోలు నిలవ ఉంటే చెడిపోతుందని చాలామందికి తెలియదు. అందులో త్వరగా అంటుకునే భాగం మెల్లగా ఎగిరిపోతుంది, మిగిలింది జిగురు కడుతుంది. ఆ జిగురు కార్బురేటరులోని సూదిబెజ్జమంత రంధ్రాలను మూసివేస్తుంది. పైగా ఇప్పుడు బంకులలో దొరికే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ల వరకు ఇథనాల్ కలుస్తోంది. చెరకు, మొక్కజొన్న, నూకల వంటివాటి నుంచి తీసే ఈ ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువ చేరితే ఇథనాలూ నీరూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజనుకు పెట్రోలు వెళ్లేది ఆ అడుగునుంచే.

కాబట్టి ట్యాంకునుంచి కొంచెం పెట్రోలు గాజుసీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనబడినా, పెట్రోలు ముదురు రంగులోకి మారి వార్నిషు వాసన కొట్టినా మొత్తం తీసివేయండి. ట్యాంకు లోపల తుప్పుందేమో టార్చిలైటుతో చూడండి. వెలుతురు కోసం అగ్గిపుల్ల గీసినవారున్నారు గనుక చెబుతున్నాను. కార్బురేటరు అడుగునున్న చిన్న స్క్రూ వదులు చేసి అందులోని పాత పెట్రోలునూ వంపేయాలి. తరువాత రెండు లీటర్ల కొత్త పెట్రోలు పోయండి.

ఈ పని పట్టపగలు, ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయాలి. పిల్లల్ని దగ్గరకు రానీయకండి. తీసిన పెట్రోలును మంచినీళ్ల సీసాలో గాని కూల్‌డ్రింకు సీసాలో గాని ఒక్క క్షణం కూడా ఉంచకండి. దాహం వేసిన పిల్లవాడికి సీసా మాత్రమే కనబడుతుంది. ఆ పెట్రోలుతో చెత్త తగలబెట్టడం, పొయ్యి అంటించడం అంతకన్నా పెద్ద పొరపాటు.

బ్యాటరీ

వాడని బ్యాటరీ తనంతట తానే మెల్లగా దిగిపోతుంది. దిగిపోయిన స్థితిలో నెలల తరబడి ఉంటే లోపలి పలకల మీద తెల్లటి గట్టి పొర కట్టి, తరువాత ఎంత ఛార్జి చేసినా నిలబడదు. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటరులో సుమారు 12.6 చూపిస్తుంది. 12కు తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే.

విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, తరువాత ప్లస్ వైరు. బిగించేటప్పుడు ముందు ప్లస్, తరువాత మైనస్. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి, బోరు నీళ్లు గాని వాన నీళ్లు గాని పోయవద్దు. చిన్న బ్యాటరీకి చిన్న ఛార్జింగే. 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియరు చొప్పున నిదానంగా ఎక్కించాలి. ట్రాక్టరు బ్యాటరీలతో కలిపి పెద్ద ఛార్జరుకు తగిలిస్తే పాడైపోతుంది. ఛార్జి అవుతున్నప్పుడు అంటుకునే వాయువు వస్తుంది గనుక గాలి ఆడేచోట పెట్టి, బీడీలు కాల్చేవారిని దూరంగా ఉండమనండి.

2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు, పెట్రోలును పంపు ఇంజనులోకి చిమ్ముతుంది. ఆ పంపు నడిచేది కరెంటుతో. అందుకే బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కిక్ కొట్టినా స్టార్టు కాకపోవచ్చు. అలాంటి బండిని నెట్టించి ఆయాసపడేకన్నా బ్యాటరీ చూడటం మేలు.

ఇప్పుడు కిక్ కొట్టండి

బండిని ఆరుబయటే స్టార్టు చేయాలి. తలుపులు మూసిన చావిడిలో ఇంజను నడిపితే సైలెన్సరునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మనిషిని నిద్రపుచ్చినట్టుగా చంపుతుంది.

ముందుగా ఒక పని. ఇంజను ఆపి ఉండగానే గేరు వేసి, క్లచ్చి గట్టిగా పట్టి బండిని ముందుకూ వెనక్కూ నెట్టండి. నిలబడిన బండికి క్లచ్చి ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటిని ఇలా విడదీయకపోతే, స్టార్టు చేసి గేరు వేయగానే బండి ఒక్క దూకు దూకుతుంది.

తరువాత న్యూట్రల్‌లో చోక్ వేసి, యాక్సిలరేటరు తిప్పకుండా కిక్ కొట్టండి. పలికిన వెంటనే రైజు చేయకండి. ఆయిలు ఇంజను పైదాకా ఎక్కడానికి కొంత సమయం పడుతుంది. ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నడవనిచ్చి చోక్ తీసివేయండి. మనం వేసిన ఆయిలు చుక్కల వలన, సైలెన్సరులోని తేమ వలన మొదట కొంచెం పొగ వస్తుంది, కాసేపట్లో ఆగిపోవాలి. నీలపు పొగ ఆగకుండా వస్తుంటే మెకానిక్‌కు చూపించండి. చోక్ ఉన్నంతసేపు నడిచి, తీయగానే ఆగిపోతుంటే, కార్బురేటరులో నిదానంగా నడిచేటప్పటి పెట్రోలు రంధ్రం మూసుకుపోయిందని గుర్తు. కార్బురేటరు విప్పి కడిగిస్తే సరిపోతుంది, ఇంజనుకు ఏమో అయిందని భయపడనక్కరలేదు.

మొదటి ప్రయాణం

హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారను చూడండి. బ్రేకు లైటు రెండు బ్రేకులకూ వెలగాలి. చక్రాల ఇరుసు నట్లు బిగువుగా ఉన్నాయా, చీలపిన్నులు ఉన్నాయా చూడండి. హెల్మెట్ పెట్టుకోండి. మొదట ఇంటి ముందరే, మనిషి నడిచే వేగంతో వెళ్లి ముందు బ్రేకు ఒకసారి, వెనుక బ్రేకు ఒకసారి వేసి చూడండి. నచ్చితే ఒకటి రెండు కిలోమీటర్లు వెళ్లిరండి. వెనుక ఎవరినీ ఎక్కించుకోకండి, పిల్లల్ని అసలే వద్దు. తిరిగి వచ్చాక చక్రాల మధ్యభాగం దగ్గర చేయి పెట్టి చూడండి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది. ఒక చక్రం బాగా వేడెక్కితే ఆ బ్రేకు వదలకుండా పట్టుకుంటోందని అర్థం. అరగంట తరువాత బండి కింద మరకలేవైనా పడ్డాయేమో చూడండి.

ఇందులో ఏదైనా మీ వల్ల కాదనిపిస్తే మెకానిక్‌ను ఇంటికి పిలవండి, లేదా బండిని ట్రాలీ ఆటోలో పంపండి. "షెడ్డు దాకా మెల్లగా నడుపుకొని పోతాలే" అనకండి. ఆ షెడ్డు దారిలోనే వంతెన ఉంటుంది.

కాగితాలు చూడకుండా గడప దాటవద్దు. బండి నిద్రపోయినా గడువు తేదీలు నిద్రపోవు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. అది మన బండి కోసం కాదు, మన బండి తగిలినవారి కోసం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండి కొన్నప్పుడే ఐదేళ్లకు ఈ ఇన్సూరెన్సు కట్టించుకుంటున్నారు. ఏటా కట్టే అలవాటు తప్పడంతో ఆ ఐదేళ్లు ఎప్పుడు తీరాయో చాలామంది చూసుకోవడం లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి. బండి కొని పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ తిరిగి చేయించుకోవాలి.

మళ్లీ నిలబెట్టవలసి వస్తే

తెలిసి నిలబెట్టేటప్పుడు ఒక పూట పని చేస్తే తరువాత ఇంత శ్రమ ఉండదు. కొత్త ఆయిలు పోయించండి. ఇనుప ట్యాంకులో ఖాళీ ఉంటే లోపల తుప్పు పడుతుంది గనుక పెట్రోలు నిండా పోయండి. కార్బురేటరు బండికి పెట్రోలు ట్యాప్ కట్టి, ఇంజను దానంతట ఆగేదాకా నడపండి. బ్యాటరీ విప్పి ఇంట్లో పిల్లలకు అందనిచోట ఉంచి, నెలకొకసారి ఛార్జి చేయించండి. సెంటర్ స్టాండు వేసి కింద చెక్క పెట్టండి. టార్పాలిన్ కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, పాత దుప్పటి మేలు. ఎరువుల బస్తాల పక్కన, పశువుల కొట్టంలో పెట్టకండి. ఎరువుల ఉప్పు, పశువుల మూత్రం నుంచి వచ్చే ఘాటు ఇనుమును, రాగి వైర్లను తినేస్తాయి. ఎలుక దూరకుండా సైలెన్సరులో గుడ్డ కుక్కితే, దాని కొసను ఎర్రగుడ్డతో బయటికి కనబడేలా కట్టండి.

వారానికొకసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే మంచిదని కొందరంటారు. ఆ రెండు నిమిషాలలో బ్యాటరీ నిండదు, ఇంజను సరిగా వేడెక్కదు, సైలెన్సరులో నీరు మాత్రం చేరుతుంది. స్టార్టు చేస్తే పావుగంటయినా నడపాలి, లేకపోతే అలాగే వదిలేయాలి.

మా బండి ఇప్పుడు బాగానే నడుస్తోంది. మెకానిక్ పని పూర్తిచేసి తాళం ఇచ్చిన రోజున నేను కిక్ కొట్టబోతుంటే నా భార్య వరండాలోనుంచి కేకేసింది.

"ఏవండీ, ముందు బ్రేకు పట్టి చూడండి."

పట్టి చూశాను. ఇప్పటికీ రోజూ బండి తీసేముందు, తాళం పెట్టకముందే, రెండు బ్రేకులూ ఒకసారి పట్టి వదులుతాను. దానికి పట్టేది రెండు క్షణాలు. ఆదివారం వంతెన దగ్గరకు రాగానే బండి దిగి, నెట్టుకుంటూ పిల్లలతోపాటు నడుస్తాను. ఆ పాప ఇప్పుడు కొంచెం పెద్దదయింది. నన్ను చూస్తే నవ్వుతుంది, దాటమని చేయి ఊపుతుంది. నేను మాత్రం ఆమె రోడ్డు దాటేవరకూ ఆగుతాను.